ఒట్టోమన్ పల్లెలు, కాజీ కోర్టు రిజిస్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒట్టోమన్ సామ్రాజ్యం అనగానే సుల్తానులు, ఇస్తాంబుల్ మసీదులు, వియన్నా ముట్టడి గుర్తొస్తాయి. కానీ ఆ సామ్రాజ్యంలో అత్యధికులు ఎద్దుల జతతో దున్నుకుని బతికిన పల్లెటూరి జనం. వాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ, డైరీలు రాసుకున్నవాళ్లు దాదాపు లేరు. అయినా 15వ శతాబ్దం నుంచి వాళ్ల గాడిదలు, వాల్‌నట్ చెట్లు, అప్పులు, విడాకులు, తిట్లు, దెబ్బలు మనకు తెలుస్తున్నాయంటే కారణం కాజీ కోర్టు రిజిస్టర్లు. వీటి గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి. ఎక్కువగా 16, 17 శతాబ్దాల అనటోలియా గురించి చెబుతాను. ఇప్పటి టర్కీలో పెద్ద భాగం అదే. అక్కడక్కడా జెరూసలేం పల్లెలూ వస్తాయి.

అసలు ఈ రిజిస్టర్లు ఏమిటి?

సామ్రాజ్యాన్ని చిన్న చిన్న తాలూకాల్లాంటి 'కజా'లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక కాజీని వేసేవారు. ఆయన ముందు జరిగిన ప్రతి ముఖ్యమైన వ్యవహారాన్నీ గుమాస్తా ఒక పుస్తకంలో ఎక్కించేవాడు. ఆ పుస్తకమే 'సిజిల్'. పొడవుగా, సన్నగా, మన కిరాణా కొట్ల పాత చిట్టా పుస్తకంలా ఉంటుంది. ఒక పేజీలో నాలుగైదు ఎంట్రీలు పట్టొచ్చు, పది కూడా పట్టొచ్చు. కొన్ని మూడు లైన్లలో ముగుస్తాయి.

ఇందులో ఉన్నవన్నీ తగాదాలే అనుకోవద్దు. అమ్మకాలు, అప్పులు, జామీన్లు, ఆస్తి పంపకాలు, అనాథ పిల్లలకు సంరక్షకుల నియామకం, రొట్టె ధర, రాజధాని నుంచి వచ్చిన ఫర్మానాల నకళ్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, సివిల్ కోర్టు, క్రిమినల్ కోర్టు, తహశీల్దారు ఆఫీసులో కొంత కలిపి ఒకే పుస్తకంలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

బుర్సా పట్టణం రిజిస్టర్లు 15వ శతాబ్దం మధ్య నుంచి ఉన్నాయి. ఇస్తాంబుల్‌కి ఎదురు ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌వి 1513 నుంచి, జెరూసలేంవి 1530ల నుంచి దొరుకుతున్నాయి.

కాజీ అంటే నిఖా జరిపించే కాజీయేనా?

పేరు అదే. పని మాత్రం చాలా పెద్దది. ఒట్టోమన్ కాజీ న్యాయమూర్తి, నోటరీ, బజారు ధరల తనిఖీదారు, పన్నుల వ్యవహారాల్లో ప్రభుత్వానికి కళ్లు, చెవులు. షరియాతో పాటు 'కానూన్' అనే సుల్తాను చట్టాన్నీ ఆయనే అమలు చేసేవాడు. పన్నులు, భూమి, నేరాల జరిమానాలు ఎక్కువగా కానూన్ కిందికి వచ్చేవి. సులేమాన్ సుల్తాను కాలంలో (1520–1566) ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పొసిగేలా సర్దారు. అందులో 1545 నుంచి షేఖుల్ ఇస్లాంగా, అంటే సామ్రాజ్యంలో అత్యున్నత మతాధికారిగా ఉన్న ఎబుస్సూద్ ఎఫెందిది పెద్ద చెయ్యి.

కాజీని ఒకేచోట ఎక్కువకాలం ఉంచేవారు కాదు. సాధారణంగా ఒకటి రెండేళ్లకే బదిలీ. ఆయన కింద నాయిబ్ అనే సహాయకుడు, రాతగాళ్లు, సమన్లు తీసుకెళ్లే ముహ్‌జిర్ ఉండేవాళ్లు. బదిలీల మీద వచ్చిపోయే కాజీ కంటే ఆ ఊరివాళ్లయిన ఈ చిన్న ఉద్యోగులకే అక్కడి సంగతులు బాగా తెలిసేవి.

ఒక ఎంట్రీ చూడటానికి ఎలా ఉంటుంది?

దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. కింది నమూనా ఏ ఒక్క రికార్డుకీ అనువాదం కాదు, మూస అర్థం కావడానికి నేను రాసినది:

"ఈ అక్షరాలు రాయడానికి కారణం ఏమనగా: ఫలానా కజాకు చెందిన ఫలానా ఊరి నివాసి ఫలానావాడి కొడుకు ఫలానావాడు షరియా సభకు హాజరై, అదే ఊరి ఫలానావాడి సమక్షంలో ఇలా చెప్పాడు: 'నా గోధుమరంగు ఆడ గాడిద, ఎడమ చెవి చీలి ఉంటుంది, ఇతని దగ్గర దొరికింది. నాకు ఇప్పించాలి.' అడగ్గా అతడు కాదన్నాడు. వాదిని రుజువు అడగ్గా..."

తర్వాత సాక్షుల మాట, తీర్పు, తేదీ. అడుగున 'షుహూదుల్ హాల్' అనే పేర్ల వరస ఉంటుంది. ఆ వ్యవహారం జరిగినప్పుడు అక్కడ కూర్చుని చూసినవాళ్ల పేర్లవి. తేదీ వేయడం కూడా తమాషాగా ఉంటుంది. నెలను మూడుగా విడగొట్టి మొదటి పది రోజులు, నడిమి పది రోజులు, చివరి పది రోజులు అని రాసి ఊరుకుంటారు చాలాసార్లు. అన్నీ చంద్రుణ్ని బట్టి నడిచే హిజ్రీ నెలలు, రుతువులతో కలవవు కాబట్టి కోతలు ఎప్పుడు, నాట్లు ఎప్పుడు అని పోల్చుకోవాలంటే లెక్క కట్టుకోవాల్సిందే.

పల్లెటూరి మనిషి అంత దూరం కోర్టుకి ఎందుకు వెళ్లేవాడు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా రిజిస్టరంతా తెరుచుకుంటుంది. మనం కోర్టు అంటే తీర్పు కోసం అనుకుంటాం. పల్లె జనం చాలాసార్లు తీర్పు కోసం వెళ్లలేదు, కాగితంలో ఎక్కించుకోవడానికి వెళ్లారు. రేపు ఎవరో వచ్చి నిలదీస్తే చూపించుకోవడానికి.

ఒక మనిషి వాల్‌నట్ చెట్టెక్కి కాయలు దులుపుతూ కిందపడి చనిపోయాడనుకోండి. ఏడుస్తున్న ఇంట్లోవాళ్లు కోర్టుకి కబురు పెడతారు. నాయిబ్ వచ్చి శవాన్ని చూస్తాడు. 'ఇతను తన చేతులారా చెట్టు మీద నుంచి పడ్డాడు, మాకెవరి మీదా దావా లేదు, ఊరివాళ్ల మీదా లేదు' అని వారసులు చెబుతారు. అది రిజిస్టర్లో ఎక్కుతుంది. ఏట్లో కొట్టుకుపోయినవాళ్ల గురించీ, గోడ కూలి చనిపోయినవాళ్ల గురించీ ఇలాంటి ఎంట్రీలే ఉన్నాయి. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు అంతుపట్టలేదు. నేరమే లేనప్పుడు కోర్టెందుకు?

కారణం 'కసామె' అనే నియమం. ఊరి పొలిమేరలో చంపబడిన శవం దొరికి, చంపిందెవరో తెలియకపోతే, ఊరివాళ్లలో 50 మంది 'మేం చంపలేదు, చంపినవాళ్లెవరో మాకు తెలియదు' అని ప్రమాణం చేయాలి. ప్రమాణం చేసినా సరే, చనిపోయినవాడి వారసులకు ఇచ్చే రక్తధనం ఊరంతా కలిసి కట్టుకోవాలి. శవం రెండూళ్ల మధ్య దొరికితే దగ్గరి ఊరిది బాధ్యత. ఏ ఊరికీ కేక వినపడనంత దూరంలో ఉంటే ఎవరిదీ కాదు. చట్టం దూరాన్ని కేకతో కొలిచింది. దీనికి తోడు జరిమానాలు వసూలు చేసుకునే అధికారులు ఎక్కడ చావు జరిగినా వాలిపోయేవారు. అందుకే చెట్టు మీద నుంచి పడి చచ్చిపోయినా సరే, అది చెట్టు తప్పేనని రాయించుకోవడం ఊరందరికీ అవసరమయ్యేది.

పశువుల తగాదాలూ లెక్కలేనన్ని. తప్పిపోయిన కంచరగాడిద ఆరు నెలల తర్వాత సంతలో ఇంకొకరి చేతిలో కనిపిస్తుంది. 'నాది' అంటాడు ఒకడు, 'డబ్బిచ్చి కొన్నాను' అంటాడు ఇంకొకడు. ఇద్దరూ సాక్షుల్ని తెస్తారు. అప్పుడు ఒట్టోమన్ కోర్టులు పాటించిన హనఫీ అనే ఇస్లామిక్ న్యాయ సంప్రదాయంలో ఒక చక్కని సూత్రం పనికొస్తుంది: ఆ జంతువు తన ఇంట్లోనే, తన సొంత పశువుకే పుట్టిందని రుజువు చేసినవాడిదే గెలుపు. పుట్టుకకు మించిన పట్టా లేదు. అందుకే సాక్షులు వచ్చి ఆ పిల్ల ఈయన పాకలోనే పుట్టిందనీ, తల్లి ఈయనదేననీ చెబుతారు. ఏ కథకుడూ రాయని సంగతులు ఈ సాక్ష్యాల్లో దొరుకుతాయి.

భూమి ఎవరిది?

పొలం రైతుది కాదు, ప్రభుత్వానిది. దీన్ని 'మీరీ' భూమి అంటారు. రైతుకి ఉన్నది దున్నుకునే హక్కు. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. అమ్మడం, తాకట్టు పెట్టడం, షరియా ప్రకారం వాటాలు వేయడం కుదరదు. వాటాలు వేస్తూ పోతే నాలుగు తరాల్లో ఒక జత ఎద్దులకి సరిపడా చెక్క ఎవరికీ మిగలదని పాలకులకి తెలుసు.

లెక్క అంతా ఎద్దుల జత చుట్టూనే తిరిగేది. జతను టర్కిష్‌లో 'చిఫ్త్' అంటారు. ఒక జత దున్నగలిగే భూమి ఒక యూనిట్. మంచి నేల అయితే 60 దోనుములు, చౌడు నేల అయితే 150 దాకా. దోనుము అంటే నలభై అడుగులు వేసి నాలుగు వైపులా కొలిచిన చెక్క, ఎకరంలో పావు వంతు కంటే కాస్త తక్కువ. అంటే మన లెక్కలో సుమారు 14 నుంచి 34 ఎకరాలు. పూర్తి చిఫ్త్ ఉన్న కుటుంబం ఏడాదికి కట్టే పన్ను మొదట్లో 22 అక్చెలు. అక్చె అంటే చిన్న వెండి నాణెం. దీని పైన పంటలో భాగం వేరే ఉంది. దాన్ని 'ఒషుర్' అంటారు. పేరుకి పదో వంతే. చాలాచోట్ల ఎనిమిదో వంతు తీసుకునేవారు, జెరూసలేం చుట్టుపక్కల పల్లెల్లో మూడో వంతు దాకా పోయేది.

ఈ పన్నుల్ని ఆ ఊరి మీద హక్కున్న 'సిపాహీ' వసూలు చేసుకునేవాడు. సిపాహీకి జీతం బదులు ఊరి ఆదాయం రాసిచ్చేవారు, యుద్ధం వచ్చినప్పుడు అతను గుర్రమెక్కి వెళ్లాలి. రిజిస్టర్లలో రైతుకీ సిపాహీకీ జరిగే గొడవల్లో సగం కళ్లంలోనే పుడతాయి. సిపాహీ వచ్చి కొలిచేదాకా రైతు ధాన్యం ఎత్తకూడదు. సిపాహీ రాడు. ఈలోగా వాన పడుతుంది, పక్షులు తింటాయి. తన వాటా ధాన్యాన్ని దగ్గరి సంతకి చేర్చమని సిపాహీ అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒక రోజు ప్రయాణానికి మించి మోయించకూడదు. 'రెండు రోజుల దూరం మోయిస్తున్నాడు' అన్న ఫిర్యాదు వచ్చిందంటే రైతుకి ఆ రూలు తెలుసన్నమాట. చదువు రాకపోయినా తనకు వర్తించే చట్టం ఏదో అతనికి కంఠతా ఉంది.

మరి చెట్ల గురించి అంత ఎందుకు రాశారు?

భూమి ప్రభుత్వానిదైనా, దాని మీద నాటిన చెట్టు, ద్రాక్షతోట, కట్టుకున్న ఇల్లు సొంత ఆస్తి. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, కూతురికి రాయొచ్చు. కాబట్టి పల్లెటూరి కుటుంబం చేతిలో నిజమైన ఆస్తి అంటే చెట్లే. అందుకే రిజిస్టర్లలో చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రాస్తారు. ఒకే చెట్టుకి ఇద్దరు ముగ్గురు వాటాదారులు ఉండటం మామూలు. పాలస్తీనా వైపు ఆస్తిని 24 వంతులుగా విడగొట్టి, ఒక్కో వంతును 'కీరాత్' అనేవారు. బంగారాన్ని 24 క్యారెట్లంటామే, ఆ మాట ఇదే. ఒక ఆలివ్ చెట్టులో మూడు కీరాత్‌లు అంటే ఆ చెట్టు కాపులో ఎనిమిదో వంతు.

రైతు ఊరు వదిలి వెళ్లొచ్చా?

చట్టం ప్రకారం వెళ్లకూడదు. పొలం మూడేళ్లు బీడు పెడితే సిపాహీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. చెప్పకుండా వెళ్లిపోయిన రైతుని కాజీ ఉత్తర్వుతో వెనక్కి రప్పించొచ్చు, లేదా 'చిఫ్త్ బోజన్' అనే పరిహారం కట్టించుకోవచ్చు. ఆ మాటకు అర్థం కాడి విరిచినవాడు అని.

అయితే దీనికి గడువు ఉంది. మామూలుగా పదేళ్లు. ఆ గడువు దాటితే అతను ఎక్కడుంటే అక్కడివాడే. కోర్టులో ఈ గొడవ ఇలా నడుస్తుంది: 'ఇతను మా ఊరి రైతు కొడుకు, పన్ను పుస్తకంలో తండ్రి పేరుంది' అంటాడు సిపాహీ. 'నేనీ పట్నం వచ్చి పదేళ్లు దాటింది' అంటాడు ఇతను. ఇరుగుపొరుగు వచ్చి ఔనని సాక్ష్యం చెబుతారు. జెరూసలేం ప్రాంతంలో ఊరి పెద్దలే తమ ఊరివాళ్లెవరూ పారిపోరని కాజీ ముందు జామీను ఉండాల్సి వచ్చేది. ఊరి పెద్దరికం గౌరవమే కాదు, మెడకు గుదిబండ కూడా.

ఆడవాళ్లు కోర్టుకి వచ్చేవారా?

వచ్చేవారు, చాలామంది అనుకునేదానికంటే ఎక్కువగా. అనటోలియాలోని కైసెరి పట్టణ రిజిస్టర్లలో ఆడవాళ్లు ఇళ్లు, ద్రాక్షతోటలు అమ్ముతూ, కొంటూ, అన్నదమ్ముల మీద వారసత్వం కోసం దావాలు వేస్తూ కనిపిస్తారు. కొందరు స్వయంగా వచ్చారు, కొందరు వకీలుని పంపారు. షరియా ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం. అది తక్కువే. కానీ రాసి ఉన్న హక్కు కాబట్టి వదులుకోకుండా వచ్చి అడిగారు. మీరీ భూమిలో మొదట్లో కూతుళ్లకు చోటు లేదు. 16వ శతాబ్దం రెండో సగంలో, కొడుకు లేకుండా తండ్రి పోతే రుసుము కట్టి ఆ పొలం తీసుకునే హక్కు కూతురికి ఇచ్చారు.

విడాకుల ఎంట్రీలు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. భార్య కోరితే 'హుల్' పద్ధతిలో విడిపోవచ్చు, కానీ మెహర్ డబ్బు, అంటే పెళ్లప్పుడు భర్త ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, వదులుకోవాలి. 'నా మెహర్, నా ఖర్చులు వదులుకున్నాను, ఇతనితో నాకిక సంబంధం లేదు' అన్న వాక్యం వందలసార్లు కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం వెనక ఇంట్లో ఏం జరిగిందో రాతగాడు రాయలేదు.

పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇప్పటి గాజియాంతెప్, అప్పటి అయింతాబ్. 1540–41 రిజిస్టర్లో ఇనె అనే బాలవధువు కాజీ ముందుకొచ్చి, తన మామే తనని చెరిచాడని చెప్పింది. ఆరోపణ రుజువు కాకపోతే తిరిగి ఆడదాని మీదికే వచ్చే ప్రమాదం ఉన్న చట్టం అది. మచ్చ వేసినందుకు 80 కొరడా దెబ్బల శిక్ష అందులోనే రాసి ఉంది. ఆ పిల్ల ఏ ధైర్యంతో నోరు విప్పిందో, వెనక ఎవరు నిలబడ్డారో అని నేను చాలాసార్లు ఆలోచించాను. రిజిస్టర్లో ఉన్నవి కొన్ని లైన్లే. అయినా 480 ఏళ్ల తర్వాత మనం ఆమె పేరు పలుకుతున్నాం, ఆ లైన్లు ఉన్నాయి కాబట్టి.

క్రైస్తవులు, యూదులు కాజీ దగ్గరికి వెళ్లేవారా?

వెళ్లేవారు. వాళ్ల మత పెద్దల కోర్టులు వాళ్లకి ఉన్నా, ఆస్తి రిజిస్ట్రేషన్ కోసం, అప్పుల కోసం, కొన్నిసార్లు తమలో తమకి వచ్చిన కుటుంబ తగాదాల కోసం కూడా కాజీ దగ్గరికే వచ్చారు. కైసెరిలో ఆర్మేనియన్లు, సైప్రస్‌లో గ్రీకులు ఇలా కనిపిస్తారు. అయితే ముస్లిం మీద ముస్లిమేతరుడి సాక్ష్యం చెల్లదు. ఈ అసమానత పుస్తకం నిండా ఉంది. కాబట్టి గ్రీకు రైతు ముస్లిం పొరుగువాడి మీద దావా వేయాలంటే ముస్లిం సాక్షుల్ని వెతుక్కోవాలి.

రాసిన కాగితం ఉండగా సాక్షులెందుకు?

షరియాలో కాగితం ఒక్కటే రుజువు కాదు. కాగితం దొంగది కావచ్చు, మనిషి కళ్లలోకి చూసి అడగొచ్చు అన్నది వాళ్ల ఆలోచన. ఇద్దరు మగవాళ్లు, లేదా ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్లు సాక్ష్యం చెప్పాలి. వాదికి సాక్షులు లేకపోతే ప్రతివాదిని ప్రమాణం చేయమంటారు. ప్రమాణం చేస్తే కేసు కొట్టేసినట్టే.

ఇక్కడే చాలా కేసులు మలుపు తిరుగుతాయి. అబద్ధపు ప్రమాణానికి భయపడేవాళ్లు ఎక్కువ. ఆ ఘట్టం రాగానే 'ముస్లిహూన్' అనే పెద్దమనుషులు మధ్యలో పడి ఇంత ఇచ్చి తెంచుకోండి అని సర్దుబాటు చేసేవారు. అడిగిన 1,000 అక్చెల దగ్గర 300కి రాజీ, అలాంటి లెక్కలు. రాజీ కూడా రిజిస్టర్లో ఎక్కేది.

కాజీలు నిజాయితీగా ఉండేవారా?

అందరూ ఒకలా ఉండరు కదా. ఒక్క విషయం మాత్రం పద్ధతిలోనే లోపం: చాలామంది కాజీలకి ఆదాయం రుసుముల నుంచే. ఎంట్రీ రాస్తే రుసుము, నకలు ఇస్తే రుసుము, ఆస్తి పంచితే అందులో శాతం. పైగా ఒకటి రెండేళ్లలో వెళ్లిపోవాలి. ఈలోగా పోస్టింగు కోసం పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలి. దాంతో కొందరు కాజీలు, నాయిబ్‌లు పల్లెల వెంట తిరుగుతూ, ఎవరూ అడగకపోయినా చనిపోయినవాళ్ల ఆస్తికి లెక్కలు రాసి రుసుము గుంజేవారు. మందీమార్బలంతో దిగి, రైతు ఇంట్లోనే తిని, గుర్రాలకి రైతు గడ్డే వేయించేవారు.

ఇది మన ఊహ కాదు, సుల్తానులే రాశారు. 'అదాలెత్‌నామె' అనే న్యాయ ఫర్మానాల్లో, ముఖ్యంగా 1609లో అహ్మద్ సుల్తాను జారీ చేసినదాంట్లో, ఈ దోపిడీల జాబితా ఉంది. ఆ ఫర్మానా నకళ్లు కాజీల రిజిస్టర్లలోకే ఎక్కాయి. అంటే కాజీ తన మీద వచ్చిన నిందను తన పుస్తకంలోనే ఎక్కించుకోవాలి.

అక్కడ న్యాయం దొరక్కపోతే?

నేరుగా ఇస్తాంబుల్‌కి. రైతులు అర్జీ రాయించుకుని, ఒక్కోసారి ఊరంతా చందా వేసుకుని ఒకరిద్దరిని పంపి, దర్బారులో మొరపెట్టుకునేవారు. ఆ దర్బారు ఉత్తర్వుల నకళ్లను 'ముహిమ్మె' పుస్తకాల్లో దాచారు. ఫిర్యాదులు పెరిగిపోయి 1649 నుంచి వాటికి వేరే పుస్తకాలు పెట్టారు.

ఇందులో గుండె గుభిల్లుమనే సంగతి ఒకటుంది. దర్బారు ఉత్తర్వు చివరికి వచ్చేది ఆ ప్రాంతం కాజీ పేరు మీదే: 'ఇలా ఫిర్యాదు వచ్చింది, విచారించి న్యాయం చేయి' అని. ఆ కాగితాన్ని మోసుకొచ్చి కాజీ చేతిలో పెట్టేది చాలాసార్లు ఆ ఫిర్యాదు చేసిన రైతే. ఎవరి వల్ల ఇబ్బంది పడ్డాడో వాళ్ల ఊళ్లోకే, వాళ్ల ముందుకే వెళ్లాలి. ఆ టెన్షన్ ఊహించుకోండి. అయినా జనం వెళ్లారు.

1590ల తర్వాత పల్లెలకి ఏమైంది?

1591 నుంచి 1596 దాకా అనటోలియాలో ఘోరమైన అనావృష్టి. అదే సమయంలో హంగరీ వైపు పెద్ద యుద్ధం. పన్నులు పెరిగాయి, పంటలు పోయాయి, దారి తప్పిన సైనికులు, పని లేని యువకులు ముఠాలు కట్టారు. చరిత్రలో వీటిని జెలాలీ తిరుగుబాట్లంటారు. 1603 నుంచి 1610 మధ్య పల్లెలు పల్లెలే ఖాళీ అయ్యాయి. టర్కీ చరిత్రకారులు దీన్ని 'పెద్ద పరుగు' అంటారు.

ఆ కాలపు రిజిస్టర్లు చదవడం కష్టంగా ఉంటుంది. భార్యని, పిల్లల్ని, ఎద్దుల్ని ఎత్తుకుపోయారన్న మొరలు. ఖాళీ అయిన ఊరి పన్ను మిగిలిన నాలుగిళ్లవాళ్ల మీద వేశారన్న మొరలు. అత్యవసర పన్నుల్ని ఇళ్ల లెక్కన ఊరు మొత్తానికి వేసేవారు మరి, పక్కింటివాడు పారిపోతే అతని భారమూ మీదే. అలా పరుగు ఇంకో పరుగుని పుట్టించింది.

ఇందులో రాసిందంతా నమ్మొచ్చా?

జాగ్రత్తగా నమ్మాలి. రైతు తన యాసలో, ఏడుస్తూ, తిడుతూ చెప్పినదాన్ని రాతగాడు చట్టం భాషలోకి మార్చి రాశాడు. జెరూసలేంలో అరబిక్‌లో, అనటోలియాలో ఎక్కువగా టర్కిష్‌లో. ఇంట్లో కుర్దిష్‌నో ఆర్మేనియన్‌నో మాట్లాడే మనిషి మాట ఇంకో భాషలోకి కూడా మారాలి. అక్కడక్కడా తిట్లను మాత్రం యథాతథంగా రాశారు, ఎందుకంటే పరువు దావాలో ఆ తిట్టే సాక్ష్యం. ఉన్నట్టుండి ఒక నిజమైన గొంతు వినిపించేది అక్కడే.

కోర్టుకి రానివి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఊళ్లో పెద్దమనుషులు రచ్చబండ దగ్గర తేల్చిన తగాదాలు, సంచార తెగల గొడవలు, కోర్టుకి రెండు మూడు రోజులు నడవాల్సిన కొండ ఊళ్లు ఇందులో ఉండవు. రిజిస్టర్లో నేరాలు తక్కువ కనిపిస్తే ఆ ఊరు ప్రశాంతంగా ఉందని రాసేయకూడదు.

ఇందులోని మాటలు తెలుగులా అనిపిస్తున్నాయేమిటి?

అనిపించడం కాదు, చాలావరకు మన మాటలే. అరబిక్, పర్షియన్ పాలనా పదాలు అటు ఒట్టోమన్లకీ, ఇటు దక్కన్ సుల్తానుల ద్వారా, మొఘలుల ద్వారా మనకీ చేరాయి. గోల్కొండ కుతుబ్ షాహీలు పర్షియన్, తెలుగు రెండింటిలో ఫర్మానాలు రాయించారు. తార్నాకలో ఉన్న తెలంగాణ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు ఈ రోజుకీ ఉన్నాయి. ఒట్టోమన్ రిజిస్టరు తెరిస్తే వకీలు, దఫ్తరు, హక్కు, బాకీ, షరతు, నకలు, వారసుడు, హాజరు, రాజీ అన్నీ కొద్దిపాటి ఉచ్చారణ తేడాతో ఎదురొస్తాయి.

రెండు మాటలు నాకు మరీ ఇష్టం. ఒకటి 'రైతు'. ఒట్టోమన్లు పన్ను కట్టే జనాన్ని 'రెయాయా' అన్నారు. మూలార్థం కాపరి కాపాడే మంద. అదే ధాతువు నుంచి మన రైతు వచ్చాడు. వాళ్లకి అది పాలితుల వర్గమంతటికీ పేరైతే, మనకి పొలం దున్నే మనిషి పేరైంది. రెండోది 'ముద్దాయి'. ఒట్టోమన్ కోర్టులో ముద్దెయీ అంటే దావా వేసినవాడు. మన కోర్టుకి వచ్చేసరికి నేరం మోపబడినవాడు ముద్దాయి అయ్యాడు! రిజిస్టరు చదివేటప్పుడు ఈ ఒక్క మాట దగ్గర తెలుగువాళ్లు తడబడితే కేసు మొత్తం తలకిందులవుతుంది.

ఈ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

టర్కీలో 1924లో షరియా కోర్టుల్ని రద్దు చేశారు, 1928లో అరబిక్ లిపి స్థానంలో లాటిన్ లిపి వచ్చింది. ఒక తరం తిరిగేసరికి తాత రాసిన కాగితం మనవడికి అర్థం కాకుండా పోయింది. రిజిస్టర్లు మ్యూజియాల్లో, పాత కోర్టు గదుల్లో పడి ఉండేవి. 1991లో వాటిని అంకారాలోని జాతీయ గ్రంథాలయానికి చేర్చారు. తర్వాత అవి ప్రభుత్వ ఆర్కైవ్స్ కిందికి వచ్చాయి. సారాయెవో, సోఫియా, జెరూసలేం, డమాస్కస్, కైరోల్లో ఎక్కడివక్కడ ఇంకా ఉన్నాయి.

అన్నీ దక్కలేదు. అగ్నిప్రమాదాల్లో ఎన్నో కాలిపోయాయి. 1931లో అయితే ఇస్తాంబుల్‌లో ఖజానా శాఖ పాత కాగితాల్ని చిత్తు కాగితాల కింద తూకానికి బల్గేరియాకి అమ్మేశారు. బండ్ల మీద తీసుకెళ్తుంటే వీధుల్లో రాలిన కాగితాల్ని చూసి ముఅల్లిమ్ జెవ్‌దెత్ అనే పండితుడు గోల పెట్టాడు, పత్రికల్లో దుమారం లేచింది. వెళ్లినవాటిలో చాలావరకు సోఫియా గ్రంథాలయంలో భద్రంగానే ఉన్నాయి. అవి కాజీ రిజిస్టర్లు కావు, పన్నుల కాగితాలు. కానీ ఒక ఊరి పన్ను లెక్క ఒక దేశంలో, ఆ ఊరి తగాదా ఇంకో దేశంలో ఉండటానికి ఇదొక కారణం.

టర్కిష్ రాకుండా మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు. ఇస్తాంబుల్ కాజీ రిజిస్టర్లు ఎన్నో సంపుటాలు లాటిన్ లిపిలోకి మార్చి అచ్చువేశారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. వాటిలో ఉస్కుదార్ పుస్తకం తెరవండి. పట్టణం పేరు మీద ఉన్నా చుట్టుపక్కల పల్లెల వ్యవహారాలు అందులో చాలా ఉంటాయి. మొదటి రోజు అర్థం చేసుకోవాలని కూర్చోవద్దు. 'కర్యె' అన్న మాట ఎక్కడుందో వెతకండి, దానర్థం ఊరు. తర్వాత 'బిన్', అంటే కొడుకు. 'బింత్', కూతురు. ఆ మూడూ దొరికితే ఎవరు, ఎవరి పిల్లలు, ఏ ఊరు అన్నది తెలిసిపోయినట్టే. ఆ పక్కనే 'వెకీల్', 'హాజిర్' లాంటి తెలిసిన మాట ఏదో ఒకటి కనిపిస్తుంది. చివర సాక్షుల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్లండి. పది పదిహేను పేజీలు తిరిగేసరికి అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి: ఒకచోట సాక్షి, ఇంకోచోట అప్పిచ్చినవాడు, ఆ తర్వాత ఒక పేజీలో అతని ఇల్లు, ఎద్దులు, పరుపు, రాగి చెంబులు వారసులకు పంచుతూ రాసిన జాబితా.